ఇంట్లో చిన్న మెరైన్ ట్యాంక్: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదట హైదరాబాద్‌లో, తర్వాత విశాఖపట్నంలో సముద్రం చేపల కోసం ఉప్పునీళ్ల ట్యాంక్ నడిపాను. ఇంటికొచ్చిన వాళ్లూ, ఫోన్ చేసిన వాళ్లూ తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు ఇవి. ఇవన్నీ రెండడుగుల ట్యాంక్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పిన జవాబులు. పగడాలు పెంచే పెద్ద రీఫ్ ట్యాంకుల లెక్క వేరు.

మంచినీళ్ల అక్వేరియం చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఇదీ అంతే కదా?

సగం అంతే. ఫిల్టర్, నీళ్లు మార్చడం, మేత తక్కువ వేయడం మీకు అలవాటే. తేడా ఎక్కడంటే, గప్పీలూ గోల్డ్ ఫిష్‌లూ మన తప్పుల్ని కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. సముద్రం చేపకు ఆ ఓర్పు లేదు. అది పుట్టిన చోట వేడి, ఉప్పు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) ఏడాది పొడుగునా పెద్దగా మారవు. ఇంకో సంగతి, నీళ్ల పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి చేప విసర్జించే అమ్మోనియా అదే కొలతలో ఉన్నా మంచినీళ్లలోకన్నా ఇక్కడ ఎన్నో రెట్లు విషం. అందుకే నేను కొత్తవాళ్లకు చెప్పేది ఒకటే: మొదటి రెండు నెలలు మీరు పెంచేది చేపల్ని కాదు, నీళ్లని.

చిన్న ట్యాంక్ అయితే పని తక్కువ కదా, 30 లీటర్లది తీసుకోవచ్చా?

అందరూ పడే మొదటి గుంట ఇదే. నీళ్లు ఎంత తక్కువైతే తప్పు అంత త్వరగా తిరగబడుతుంది. గుప్పెడు మేత ఎక్కువ పడితే 200 లీటర్లలో తేలిపోతుంది, 30 లీటర్లలో తెల్లారేసరికి చేప పక్కకు ఒరుగుతుంది.

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తీసుకోండి. నిండా పోస్తే సుమారు 125 లీటర్లు. ఊళ్లో ట్యాంకులు కట్టేవాడి దగ్గర చేయించుకునేట్టయితే అద్దం 8 మిల్లీమీటర్లకు తగ్గొద్దని చెప్పండి. పైన వల మూత కూడా అప్పుడే చేయించండి. ఫైర్ ఫిష్ అనే సన్నటి ఎర్రతోక చేప ఒకటుంది, ఉలిక్కిపడితే గాల్లోకి ఎగురుతుంది. మూత లేని రోజుల్లో మాది సోఫా వెనక దొరికింది, అచ్చం ఎండుచేపలా బిగుసుకుపోయి.

ఎక్కడ పెట్టాలి? ఈశాన్యంలో పెట్టమంటున్నారు.

వాస్తు గురించి నన్ను అడగొద్దు, ఇంట్లో పెద్దవాళ్లతో తేల్చుకోండి. నేను చూసేది మూడే. ఎండ నేరుగా పడకూడదు, పడితే నాచు, వేడి రెండూ పెరుగుతాయి. ఈశాన్యం మూల కిటికీకి పొద్దుటెండ తగులుతుందేమో చూసుకోండి, పరదా వేస్తే సరిపోతుంది. రెండోది బరువు. నీళ్లు, ఇసుక, రాళ్లు, అద్దం కలిపి 150 కిలోలు దాటుతుంది, టీవీ స్టాండ్ మోయదు. ఇనుప ఫ్రేమ్ మీద కడప బండ వేసి, దాని మీద థర్మాకోల్ షీట్ పరిచి పెట్టాను నేను. ఫ్రేమ్‌కు రంగు మాత్రం దట్టంగా వేయించండి, ఉప్పు చెమ్మకు ఇనుము ఏడాదిలో పొరలు పొరలుగా లేచిపోతుంది.

మూడోది కరెంటు ప్లగ్గు. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరికి నేరుగా రాకుండా ముందు కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు కింద వంపులో నేలమీద పడుతుంది, సాకెట్లోకి పోదు. ఉప్పునీళ్లలో కరెంటు బాగా పారుతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే చేపల కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మేముండేది వైజాగ్ ఎంవీపీ కాలనీలో. బీచ్ నుంచి బిందెలతో నీళ్లు తెచ్చుకుంటే ఉప్పు కొనే పని లేదు కదా?

నేనూ అలాగే అనుకున్నాను. వైజాగ్ వచ్చిన కొత్తలో స్కూటర్ మీద రెండు క్యాన్లు వేసుకుని వెళ్లాను. మొదటిసారి, మార్చిలో, కొలిస్తే 33 పీపీటీ వచ్చింది. పీపీటీ అంటే కిలో నీళ్లలో ఎన్ని గ్రాముల ఉప్పు అని. అక్టోబరులో వానల తర్వాత అదే చోట 26 వచ్చింది. గంగ, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ బంగాళాఖాతంలోనే కలుస్తాయి కాబట్టి మన సముద్రం పైనీళ్లు అరేబియా సముద్రం కన్నా చప్పన. వానాకాలం వరదల తర్వాత మరీ చప్పన. దానికి తోడు ఊరి మురుగు, హార్బర్ నూనె. ఒడ్డున అలల్లో ముంచిన క్యాన్‌లో ఏముందో కొలిచే కిట్ మన దగ్గర లేదు.

పడవ మీద లోపలికి వెళ్లి తెచ్చుకునే వాళ్లున్నారు. అంత ఓపిక ఉంటే మంచిదే. నాకు లేదు, ప్యాకెట్ ఉప్పుకే వచ్చాను.

ప్యాకెట్ ఉప్పు అంత ఖరీదు ఎందుకు? రాళ్ల ఉప్పు వేస్తే కాదా?

కాదు. రాళ్ల ఉప్పు దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్లలో దాంతో పాటు మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం, పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బొనేట్ ఉంటాయి. కిలో సముద్రపు నీళ్లలో మెగ్నీషియం ఒక్కటే సుమారు 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు. ఉప్పు మడిలో నీళ్లు ఎండేటప్పుడు సోడియం క్లోరైడ్ ముందు గడ్డకడుతుంది, చేదుగా ఉండే మెగ్నీషియం మిగులు నీళ్లలోనే ఉండిపోయి బయటికి పోతుంది. మన కూరకు కావలసింది అదే, చేపకు కావలసింది ఆ పోయినది కూడా. అయోడైజ్డ్ టేబుల్ సాల్ట్ అయితే గడ్డకట్టకుండా కలిపే మందు కూడా ఉంటుంది.

రెడ్ సీ, ఇన్‌స్టంట్ ఓషన్, ట్రాపిక్ మెరీన్ లాంటివి ఇక్కడ దొరుకుతున్నాయి. లీటరుకు దాదాపు 37, 38 గ్రాములు పడుతుంది. వారానికి 10 లీటర్లు మార్చేవాళ్లకు నెలకు కిలోన్నర, అంతే. సంచి విప్పాక గాలి చొరబడని డబ్బాలో పోయండి. వైజాగ్ గాలికి నెల తిరక్కుండా రాయి అయిపోతుంది.

ఉప్పు కలపడానికి బోరు నీళ్లు వాడొచ్చా? ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు?

బోరు నీళ్లు వద్దు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరులో నైట్రేట్, సిలికా, ఇంకా ఏమేమి ఉన్నాయో. ఇంట్లో తాగే మెషీన్ నీళ్లు మీటర్‌తో చూస్తే టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క) 50 నుంచి 100 మధ్యలో ఉంటుంది, ఎందుకంటే రుచి కోసం చాలా మెషీన్లు మినరల్స్ తిరిగి కలుపుతాయి. ఆ కలిపే భాగానికి ముందే ఒక పైపు తీయించి, చివర మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ రెసిన్ క్యాట్రిడ్జ్ ఒకటి పెట్టించుకోండి. టీడీఎస్ సున్నా రావాలి. రెసిన్ అయిపోతే అంకె మెల్లగా పైకి వస్తుంది, అప్పుడు మార్చాలి. మెషీన్ వదిలేసే వృథా నీళ్లు బకెట్‌లో పట్టి గచ్చు కడగడానికి వాడుకోవచ్చు.

కలపడం ఎలా? ట్యాంక్‌లోనే పోసేయనా?

చేపలున్న ట్యాంక్‌లో పొడి ఉప్పు ఎప్పుడూ వేయకూడదు, కరగని పలుకులు మొప్పల్ని కాలుస్తాయి. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు నీళ్లు, తర్వాత ఉప్పు, లోపల ఒక చిన్న పంపు. రాత్రి కలిపితే పొద్దుటికి తేటపడుతుంది. ఆ తర్వాతే కొలవండి.

కొలవడానికి ముల్లు ఊగే ప్లాస్టిక్ డబ్బా హైడ్రోమీటర్ నమ్మకండి, ముల్లుకు ఒక్క బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటర్ కొనుక్కోండి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో రొయ్యల చెరువులున్న చుట్టాలు ఉంటే వాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది, గట్టు మీద నిలబడి ఒక చుక్క వేసి వెలుగుకేసి చూసేది అదే. 35 పీపీటీ రావాలి, సాంద్రతలో చెప్పాలంటే 1.026. కొత్తది కొన్నాక 35 పీపీటీ ద్రావణంతో ఒకసారి సరిచూసుకోండి.

ఇసుక మాత్రం బీచ్ నుంచి తెచ్చుకోవచ్చుగా?

మా భీమిలి వైపు ఇసుకను దోసిట్లో తీసుకుని చూడండి, నల్లటి జీరలు కనిపిస్తాయి. ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు. ట్యాంక్ అద్దం తుడిచే అయస్కాంతం ఉంటుంది కదా, ఆ నల్ల పలుకులు దానికి అంటుకుంటాయి. మీరు తుడుస్తున్నాననుకుంటూ అద్దాన్ని గీస్తుంటారు. నా పాత ట్యాంక్ ముందు అద్దం మీద ఇప్పటికీ అర్ధచంద్రాకారంలో ఒక గీత ఉంది, వెలుగు పక్క నుంచి పడితే చాలు, వచ్చినవాళ్ల కళ్లు ముందు దాని మీదికే పోతాయి.

కొట్లో దొరికే అరగొనైట్ ఇసుక తెచ్చుకోండి. కాల్షియం కార్బొనేట్ కాబట్టి పీహెచ్‌కు కొంచెం ఆసరా కూడా. అంగుళం మందం చాలు.

కోరల్స్ (పగడాలు) పెట్టొచ్చా? కొట్లో అమ్ముతున్నారు.

అమ్మినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టికల్లోకి 2001లో రాతి పగడాలు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, విసనకర్రల్లాంటి గోర్గోనియన్లు చేరాయి. సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా అప్పుడే. మన సముద్రం నుంచి వీటిని తీయడం, అమ్మడం నేరం. చచ్చిన పగడం ముక్కకూ ఇదే వర్తిస్తుంది, కాబట్టి లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి) పేరుతో అమ్మే రాయిని తిప్పి చూడండి, తేనెపట్టులాంటి గళ్లు కనిపిస్తే అది పగడమే. విదేశాల్లో పెంచినవని చెప్పి అమ్మేవాళ్లుంటారు, కాగితాలు అడిగితే రేపిస్తామంటారు. నేను కొనను, కొనమని చెప్పను.

రాళ్లకు బదులు మెరైన్ ట్యాంకుల కోసమే చేసిన సెరామిక్ రాళ్లు ఉన్నాయి. చూడ్డానికి మొదట్లో తెల్లగా ఉంటాయి. ఆరు నెలల్లో ఊదా, ఆకుపచ్చ రంగులు పట్టి అసలువాటిలా అయిపోతాయి. 10, 12 కిలోలు సరిపోతాయి. కడప బండ ముక్కలు వేయొచ్చా అని ఒకాయన అడిగారు. సున్నపురాయే, విషమేం లేదు, కానీ గట్టి బండలో రంధ్రాలుండవు. మనకు రాయి కావలసింది అందానికి కాదు, ఆ రంధ్రాల్లో బ్యాక్టీరియా కాపురం పెట్టడానికి.

ఏయే మెషీన్లు తప్పనిసరి?

నీళ్లు కదిలించడానికి వేవ్‌మేకర్ ఒకటి, నీళ్లు తిప్పే పంపు, ఫిల్టర్ ఒకటి, థర్మామీటర్. వీలైతే ప్రొటీన్ స్కిమ్మర్. గాలివాన రోజున ఒడ్డున పసుప్పచ్చటి నురగ కుప్పలు కుప్పలుగా పడుంటుంది చూశారా, స్కిమ్మర్ చేసేది అదే. సన్న బుడగలకు నీళ్లలోని జిడ్డు, మలినం అంటుకుని పైకి లేచి కప్పులో పడుతుంది. వారానికోసారి ఆ కప్పు తీస్తే కాచి మరిచిపోయిన టీ రంగులో నీళ్లుంటాయి, వాసన మాత్రం చేపల మార్కెట్ మూసేశాక వచ్చేది. అదంతా మీ ట్యాంక్‌లో కుళ్లకుండా బయటికొచ్చిన సరుకు. 120 లీటర్లకు స్కిమ్మర్ లేకుండా కూడా నడపొచ్చు, నీళ్లు మార్చడంలో బద్ధకం పనికిరాదు.

లైటు గురించి ఖర్చు పెట్టకండి. పగడాలు లేవు కాబట్టి మామూలు తెలుపు, నీలం ఎల్‌ఈడీ చాలు. హీటర్ హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులకు కావాలి, 100 వాట్లది. వైజాగ్‌లో నాది అట్టపెట్టెలోనే ఉంది.

సైక్లింగ్ అంటే ఏమిటి? ఎన్నాళ్లు ఆగాలి?

చేప విసర్జించేదీ, మిగిలిన మేత కుళ్లితే వచ్చేదీ అమ్మోనియా. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొంతవరకు ఓర్చుకోదగ్గది, నీళ్లు మార్చి తగ్గించుకుంటాం. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీద నిలదొక్కుకోవడమే సైక్లింగ్, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

నేను చేసేది ఇది. నీళ్లు, ఇసుక, రాళ్లు పెట్టి పంపులు నడుపుతూ, ఒక పచ్చి రొయ్యను పాత నైలాన్ సాక్స్‌లో కట్టి వేలాడదీస్తాను. మూడు రోజులకు వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లు తిడతారు, భరించాలి. కిట్‌తో రోజు మార్చి రోజు అమ్మోనియా చూస్తే గొట్టంలో నీళ్లు పసుపు నుంచి ముదురు ఆకుపచ్చకు వెళ్తాయి. రెండో వారం దాటాక అది దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది. అదీ దిగి, రెండూ వరుసగా వారం పాటు సున్నా చూపిస్తే సగం నీళ్లు మార్చి ఒక చేప తెచ్చుకోవచ్చు.

సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా వాడితే కొంత ముందుగా అవుతుంది. అయినా కిట్ ఒప్పుకునేదాకా చేప వద్దు.

మా బావగారిది భీమవరం దగ్గర రొయ్యల చెరువు. వాళ్లు చల్లే ప్రోబయోటిక్ వేస్తే అయిపోతుందన్నారు.

చెరువు ప్రోబయోటిక్స్‌లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ జాతి. అది అడుగున పేరుకున్న మేత, రెట్ట తిని బురదను తగ్గిస్తుంది. అమ్మోనియాను నైట్రైట్ చేసేవి వేరే జాతులు, ఆ పని దీనితో కాదు. బావగారి సలహాలు మిగతావి మాత్రం వినండి. రాత్రిపూట ఆక్సిజన్ పడిపోవడం, పీహెచ్ పొద్దునా సాయంత్రం తేడా, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలబెట్టే గుణం) తగ్గితే ఏమవుతుంది, ఇవన్నీ చెరువు రైతుకు తెలిసినంత బాగా అక్వేరియం కొట్టువాడికి తెలియవు.

మొదట ఏ చేప తెచ్చుకోవాలి?

ఒక జత క్లౌన్ ఫిష్, ఆరెంజ్ మీద తెల్ల పట్టీలది. అందం ఒక కారణమైతే, హేచరీలో పుట్టినవి దొరకడం అసలు కారణం. కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటి పిల్లల్ని తీసే పద్ధతిని మన దేశంలోనే అభివృద్ధి చేసింది, మండపం, విళింజం కేంద్రాల్లో ఈ పని జరిగింది. హేచరీ పిల్ల పుట్టినప్పటి నుంచీ తొట్టిలోనే పెరిగింది, గుళికల మేత తింటుంది. సముద్రంలో పట్టినది వల, సంచి, విమానం, కొట్టు దాటి మీ దగ్గరికొచ్చేసరికి సగం చచ్చి ఉంటుంది.

జత కోసం ఆడ మగ వెతకక్కర్లేదు. క్లౌన్ చేపలన్నీ మగవిగా పుడతాయి, గుంపులో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది తెస్తే కొన్ని నెలల్లో వాళ్ల కాపురం వాళ్లే తేల్చుకుంటారు. చిన్నది పెద్దదాని ముందు పక్కకు ఒరిగి గజగజ వణుకుతుంది. జబ్బేమోనని కంగారుపడి ఫోన్లు చేస్తుంటారు. అది లొంగుబాటు, దండం పెట్టడం లాంటిది.

క్లౌన్‌కు ఎనిమోన్ (క్లౌన్ చేపలు దాక్కునే, పువ్వులా కనిపించే సముద్ర జీవి) తప్పనిసరి కాదు. ఎనిమోన్‌కు గట్టి లైటు, కుదురుకున్న నీళ్లు కావాలి. అది ఒక రాత్రి నడుచుకుంటూ పోయి పంపులో ఇరుక్కుంటే తెల్లారేసరికి ట్యాంక్ అంతా పాలు విరిగినట్టవుతుంది.

తర్వాత నెల ఆగి ఒక గోబీ, ఇంకో నెల ఆగి ఒక ఫైర్ ఫిష్, ఒక క్లీనర్ రొయ్య, అయిదారు నత్తలు. ఈ ట్యాంక్‌కు అంతే, ఇంకొకటి వద్దు.

ఏవి తేకూడదు?

నీలం రంగు టాంగ్‌ను చూసి పిల్లలు ఏడుస్తారు. అది అడుగు పొడవు పెరిగే చేప, రెండడుగుల గాజుపెట్టెలో దానికి జైలు. మాండరిన్ చేప బతికున్న కోపీపాడ్‌లు (రొయ్యల్లాంటి అతిచిన్న జీవులు) తప్ప చాలావరకు ఏమీ ముట్టదు, కొత్త ట్యాంక్‌లో మాడి చస్తుంది. డామ్‌సెల్ చేపలు చవక, గట్టివి, కొట్టువాడు ముందు అవే చూపిస్తాడు. మూడు నెలల తర్వాత ట్యాంక్ మొత్తం తనదేనని కొత్తగా వచ్చిన ప్రతిదాని తోకా కొరుకుతుంది. పట్టుకుందామంటే రాళ్లన్నీ బయటికి తీయాలి.

నీళ్లు రోజూ తగ్గుతున్నాయి. ఉప్పునీళ్లు కలిపి పోయాలా?

వద్దు! ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. 100 లీటర్లలో 10 లీటర్లు ఆవిరైతే 35 ఉన్నది దాదాపు 39 అవుతుంది. తగ్గినదానికి బదులు సున్నా టీడీఎస్ మంచినీళ్లే పోయాలి. అద్దం మీద మార్కర్‌తో ఒక గీత గీసి, రోజూ అక్కడికి తేవడం. పంపు కోసం ట్యాంక్‌లో విడిగా అర ఉంటే గీత అక్కడ గీయండి, తగ్గుదల అక్కడే కనిపిస్తుంది.

పోసే చెంబు సంగతి కూడా చెప్పాలి. మేము ఊరెళ్లినప్పుడు మా అమ్మ ఎంతో శ్రద్ధగా, రాత్రంతా రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు పోసింది, మనుషులకు మంచిదైతే చేపలకు మంచిది కాదా అని. వారం తిరిగేసరికి నత్తలు ఒక్కొక్కటే అద్దం మీది నుంచి జారి వెల్లకిలా పడ్డాయి. రొయ్యలకూ నత్తలకూ రాగి అతి కొద్దిగా ఉన్నా విషమే. చేపలు తట్టుకున్నాయి. ఆ బిందెకు ఇప్పుడు ట్యాంక్ ఉన్న గదిలోకి ప్రవేశం లేదు.

మే నెలలో ఎలా?

24 నుంచి 27 డిగ్రీలు మంచిది, 30 దాటితే గండం. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, ఉప్పు దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

హైదరాబాద్‌లో బయట 42 ఉన్నా గాలి పొడి. నీళ్ల మీదికి రెండు చిన్న కంప్యూటర్ ఫ్యాన్లు తిప్పితే మూడు డిగ్రీల దాకా దింపేవి, కుండలో నీళ్లు చల్లబడే కిటుకే. రోజుకు రెండు లీటర్లు ఆవిరయ్యేది, పోసుకునేవాణ్ని. అవే ఫ్యాన్లు వైజాగ్ తెచ్చి పెడితే ఒక డిగ్రీ దిగడం గగనమైంది. గాల్లోనే అంత చెమ్మ ఉంటే ఇక నీళ్లు ఎక్కడ ఆవిరవుతాయి? తీరం ఊళ్లలో ఉన్నవాళ్లు ట్యాంక్‌ను ఏసీ గదిలో పెట్టుకోవాలి, లేదా చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మెషీన్) కొనాలి. చిల్లర్ ఖరీదు మిగతా ట్యాంక్ అంతటి ఖరీదు. ఈ ముక్క మొదలుపెట్టకముందే లెక్కేసుకోండి, ఏప్రిల్ వచ్చాక కాదు.

ఐసు ముక్కలు నేరుగా వేయకండి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి మూత బిగించి తేలేయడం ఒక పూట గండానికి పనికొస్తుంది.

కరెంటు పోతే?

గంట వరకు ఏమీ కాదు. ఆ తర్వాత పోయేది ఆక్సిజన్. ఇన్వర్టర్‌కు వేవ్‌మేకర్ ఒక్కటే కలపండి, అది తినేది ఎల్‌ఈడీ బల్బు అంత. హీటర్, చిల్లర్ దాని మీద పెట్టకండి. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. తుఫాను రోజుల్లో, 2014లో హుద్‌హుద్ తర్వాత ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మేత పూర్తిగా ఆపేసి, గంటకోసారి మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోయాలి. వేరే దారి లేదు.

ఇసుక మీద గోధుమ రంగు పొర వచ్చింది.

డయాటమ్స్, ఒక రకం సూక్ష్మమైన నాచు. కొత్త ట్యాంకులన్నిటికీ వస్తుంది, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. ఆకుపచ్చ వెంట్రుకల్లా పెరిగితే మేత, లైటు తగ్గించండి, లైటు రోజుకు ఏడెనిమిది గంటలు దాటొద్దు. ఎర్రటి జిగురు పొరలా వస్తే అది సయనోబ్యాక్టీరియా. గొట్టంతో పీల్చేయండి, ఆ మూలకు నీళ్లు కదలడం లేదని అర్థం, వేవ్‌మేకర్ తిప్పి పెట్టండి.

చేప ఒంటి మీద తెల్ల చుక్కలు, ఉప్పు చల్లినట్టు.

మెరైన్ ఇక్, క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. నాలుగు రోజుల్లో చుక్కలు మాయమైతే తగ్గిందని సంబరపడతారు. అది చేప మీది నుంచి రాలి ఇసుకలో గుడ్డుకట్టింది, అంతే. కొన్నాళ్లకు వందల పిల్లలతో తిరిగి వస్తుంది. చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి అక్కడ రాగి మందు వాడాలి, సీసా మీది మోతాదు, రాగి కొలిచే కిట్ రెండూ పెట్టుకుని. అసలు ట్యాంక్‌లో చేప లేకుండా రెండున్నర నెలలు వదిలేయాలి, ఆశ్రయం దొరక్క పురుగు చస్తుంది. రొయ్యలు, నత్తలు ట్యాంక్‌లోనే ఉండొచ్చు.

అంత బాధ వద్దంటే, కొత్త చేప ఏదైనా ముందు విడి తొట్టిలో నెల రోజులుంచి చూసి అప్పుడు కలపండి. ఒక ప్లాస్టిక్ టబ్, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క చాలు.

మేత ఎంత?

రోజుకు రెండుసార్లు, నిమిషంలో తినేంత. గుళికలు, వారంలో రెండు రోజులు ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు). చేప ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే అద్దం దగ్గరికొస్తుంది, నమ్మకండి.

దోమల మందు పెట్టుకోవచ్చా?

ట్యాంక్ ఉన్న గదిలో వద్దు. కాయిల్స్‌లో, లిక్విడ్‌లో, స్ప్రేల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు చాలా విషం. గాలి పంపు ఆ గాలినే నీళ్లలోకి తోస్తుంది. దోమతెర కట్టుకోండి. ఇంటికి పెస్ట్ కంట్రోల్ చేయించే రోజు ట్యాంక్ మీద ప్లాస్టిక్ కప్పి, గాలి పంపు ఆపి, కిటికీలు తీసిపెట్టండి. ఫినాయిల్, సబ్బు చేతులు లోపల పెట్టకూడదని పనిమనిషికీ, పిల్లలకూ ముందే చెప్పాలి.

వారానికి ఎంత పని?

రోజూ అయిదు నిమిషాలు: చేపల్ని లెక్కపెట్టుకోవడం, వేడి చూడడం, గీత దాకా నీళ్లు పోయడం. ఆదివారం ఒక గంట: 10 లీటర్లు తీసి కొత్తవి పోయడం, అద్దం తుడవడం, స్కిమ్మర్ కప్పు కడగడం, నైట్రేట్, ఉప్పు కొలవడం. ఫిల్టర్ స్పాంజ్‌ను తీసిన ఆ పాత నీళ్లలోనే పిండండి. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చస్తుంది.

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్లాలి.

నాలుగు రోజులు తిండి లేకపోయినా పెద్ద చేపకు ఏమీ కాదు. పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇచ్చి వెళ్లడమే ప్రమాదం, జాలిపడి గుప్పెడు వేస్తారు. ఇవ్వక తప్పకపోతే రోజుకొక పొట్లం కట్టి, మీద వారం రాసి ఇవ్వండి, డబ్బా దాచేయండి. నీళ్లు తగ్గడమే అసలు బెంగ. ఫ్లోట్‌తో దానంతటదే నీళ్లు పోసే ఆటో టాప్ ఆఫ్ ఒకటి పెట్టుకుంటే నిశ్చింత. బయల్దేరే రోజు కొత్తగా ఏదీ బిగించకండి, వారం ముందే పెట్టి చూసుకోండి.

మానేయాలనుకుంటే చేపల్ని సముద్రంలో వదిలేయొచ్చా? బీచ్ పక్కనే కదా.

వదలొద్దు. మీ చేప ఇండోనేషియాదో, హేచరీదో, దాని ఒంట్లో ఏ జబ్బుందో మనకు తెలియదు. ఇక్కడి నీళ్లలో అది బతకదు, బతికితే ఇంకా తంటా. కొట్టువాడికి తిరిగి ఇచ్చేయండి, డబ్బు రాకపోయినా. లేదా ట్యాంక్ ఉన్న ఇంకొకరికి.

ఎన్నేళ్లు బతుకుతుంది?

క్లౌన్ చేప బాగా చూసుకుంటే పదేళ్లు దాటుతుంది, ఇరవై దగ్గరికి వెళ్లినవీ ఉన్నాయి. అయిదో తరగతి పిల్లాడు మారాం చేశాడని కొంటే వాడు ఇంజినీరింగ్ చదవడానికి హాస్టల్‌కు వెళ్లిపోయాక కూడా ఆ చేప మీ హాల్లోనే ఉంటుంది, ఆదివారం బకెట్ మోసేది మీరే.